ఉపసర్గను విభక్తి అనవచ్చునా? ఇంగ్లీషు క్రియాపదాల తెలుగు వివరణపై ఒక ఆక్షేపణ

‘స్విచ్ ఆఫ్ ఇట్’ అని తెలుగు విద్యార్థి రాస్తాడు. ఉపాధ్యాయుడు దాన్ని కొట్టివేసి ‘స్విచ్ ఇట్ ఆఫ్’ అని దిద్దుతాడు. కారణం అడిగితే సర్వనామం వచ్చినప్పుడు మధ్యలో పెట్టాలి, అది నియమం అంటాడు. మరునాడు ఆ విద్యార్థి ఈ నియమాన్ని గుర్తుంచుకొని ‘లుక్ ఇట్ ఎట్’ అని రాస్తాడు. అదీ తప్పే. ఈసారి ఉపాధ్యాయుని దగ్గర ఉండే సమాధానం ‘ఇది అలా కాదు’ అన్న ఒక్క మాట. ఈ రెండు తప్పుల్లో విద్యార్థి అజాగ్రత్త ఏమీ లేదు. అతనికి చెప్పిన సిద్ధాంతం నుంచి న్యాయంగా వచ్చే ఫలితాలవి. ‘ఆఫ్’, ‘ఎట్’ రెండూ ప్రిపోజిషన్లని, ప్రిపోజిషన్ అంటే తెలుగులో విభక్తి ప్రత్యయమని అతను నేర్చుకున్నాడు. విభక్తి నామానికి చెందుతుంది. కాబట్టి ‘ఆఫ్’ను ‘ఇట్’కు అంటించాడు. తరువాత ‘ఆఫ్’కు చెప్పిన నియమాన్ని ‘ఎట్’కూ వర్తింపజేశాడు. తప్పు సిద్ధాంతంలోనే ఉంది.

తెలుగులో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పే చేతిపుస్తకాలు ఈ సమీకరణాన్ని చాలాకాలంగా మోస్తున్నాయి. ‘ఇన్’ అంటే లో, ‘ఆన్’ అంటే మీద, ‘టు’ అంటే కి, ‘విత్’ అంటే తో అని ఒక పట్టిక ఉంటుంది. కొన్ని పుటల తరువాత ‘గివ్ అప్’, ‘పుట్ ఆఫ్’, ‘కాల్ అవుట్’ వంటివాటికి మరొక పట్టిక వస్తుంది. ఇవి జాతీయాలు, కంఠస్థం చేయవలసిందే అన్న సూచన దానికి తోడవుతుంది. మొదటి పట్టికకూ రెండో పట్టికకూ సంబంధమేమిటన్న ప్రశ్న ఎక్కడా రాదు. ఈ వ్యాసం ఆక్షేపించేది పట్టికలను కాదు. వాటి వెనక ఉన్న వర్గీకరణను ఆక్షేపిస్తుంది. ఆ వర్గీకరణను సవరించే సాధనాలు తెలుగు శాఖ చేతిలోనే ఉన్నా, అది మన పని కాదని ఊరుకోవడాన్ని అంతకన్నా ఎక్కువగా ఆక్షేపిస్తుంది.

ఇంగ్లీషులో బాగా వాడుకలో ఉన్న ఒక జంటతో మొదలుపెట్టవచ్చు. ‘హి రాన్ అప్ ఎ హిల్’ అంటే కొండ మీదికి పరుగెత్తాడని అర్థం. ‘హి రాన్ అప్ ఎ బిల్’ అంటే బాకీ పెంచుకుంటూ పోయాడని అర్థం. పైకి రెండు వాక్యాల నిర్మాణం ఒకటే. నామం స్థానంలో సర్వనామం పెట్టగానే అవి విడిపోతాయి. మొదటిది ‘రాన్ అప్ ఇట్’ అవుతుంది, రెండోది ‘రాన్ ఇట్ అప్’ అవుతుంది. సంబంధవాచకం ముందుకు వెళ్ళేటప్పుడు ‘అప్’ దానితో వెళ్ళగలదా అని చూస్తే, ‘ది హిల్ అప్ విచ్ హి రాన్’ చెల్లుతుంది, ‘ది బిల్ అప్ విచ్ హి రాన్’ చెల్లదు. క్రియకూ ‘అప్’కూ మధ్య ‘క్విక్లీ’ వంటి క్రియావిశేషణాన్ని పెట్టి చూసినా కొండ ఒప్పుకుంటుంది, బాకీ ఒప్పుకోదు. ఊనిక సంగతీ ఇంతే. ‘స్విచ్ ఇట్ ఆఫ్’లో బలం ‘ఆఫ్’ మీద పడుతుంది, ‘లుక్ ఎట్ ఇట్’లో ‘ఎట్’ నీరసంగా జారిపోతుంది. నాలుగు పరీక్షలు ఒకే చోట గీత గీస్తున్నాయి. ఒక ‘అప్’ నామాన్ని పట్టుకుని ఉంది, మరొక ‘అప్’ క్రియను పట్టుకుని ఉంది. సర్వనామం తన చోటు మార్చుకోవడం ఈ భేదానికి కనిపించే గుర్తు. దాన్ని విడి నియమంగా చెప్పడం వల్లనే అది అర్థంలేని ఆజ్ఞలా మిగిలిపోయింది.

ఈ భేదం తెలుగువాడికి కొత్తది కాదు. ‘దాన్ని పక్కన పెట్టు’, ‘దాని పక్కన పెట్టు’ అన్న రెండు వాక్యాలను ఒకదాని కింద ఒకటి రాసి చూస్తే చాలు. మొదటిదాంట్లో ‘పక్కన’ అన్నది ‘పెట్టు’తో కలిసి ఒక పని చెబుతోంది. ‘దాన్ని’ ఆ పనికి కర్మ. రెండోదాంట్లో ‘దాని’ ‘పక్కన’కు చెందింది, పెట్టవలసిన వస్తువు వేరే ఏదో ఉంది. ఇంగ్లీషులో మొదటిది ‘పుట్ ఇట్ అసైడ్’, రెండోదాంట్లో ఉండేది ‘బిసైడ్ ఇట్’. అలాగే ‘వాణ్ణి వెనక్కి పంపు’, ‘వాడి వెనక పంపు’. ఏ పల్లెటూరి పిల్లవాడూ ఈ జంటల్లో పొరబడడు. తెలుగు ఈ భేదాన్ని సర్వనామ రూపంలో చూపుతుంది. క్రియకు కర్మ అయితే ‘దాన్ని’, స్థలవాచికి ఆధారమైతే ఔపవిభక్తిక రూపమైన ‘దాని’. ఇంగ్లీషు సర్వనామానికి ఆ సౌకర్యం లేదు. ‘హిమ్’ క్రియ తరువాత వచ్చినా ప్రిపోజిషన్ తరువాత వచ్చినా ‘హిమ్’గానే ఉంటుంది. అందుచేత ఇంగ్లీషు ఆ పనిని వరుసక్రమంతో చేయిస్తుంది. ఒక భాష రూపంతో చెప్పినదాన్ని మరొక భాష స్థానంతో చెబుతోంది. ఇది తరగతి గదిలో పది నిమిషాల పాఠం. ఆ పది నిమిషాలు దొరక్కపోవడానికి అడ్డు ‘ప్రిపోజిషన్ అంటే విభక్తి’ అన్న ఒక్క మాట.

ఈ పరీక్షను యాంత్రికంగా వాడరాదు. ‘లుక్ ఎట్ ఇట్’కు తెలుగు ‘దాన్ని చూడు’, ‘లుక్ ఫర్ ఇట్’కు ‘దాన్ని వెతుకు’. ఇక్కడ తెలుగు క్రియ నేరుగా ద్వితీయను తీసుకుంటుంది, ఇంగ్లీషు క్రియకు ప్రిపోజిషన్ సాయం కావాలి. ‘డిస్కస్ ఇట్’ దగ్గర పరిస్థితి తలకిందులవుతుంది. తెలుగులో ‘దాని గురించి చర్చించు’ అనడం సహజం కాబట్టి ‘డిస్కస్ అబౌట్ ఇట్’ అన్న తప్పు పుడుతుంది. ‘కూర్చి, గురించి’ అన్నవాటిని ద్వితీయా విభక్తిలో లెక్కించిన చిన్నయసూరి సంప్రదాయంలో చదువుకున్నవారికి ఈ తప్పు మూలం వెంటనే కనిపించాలి. స్థలవాచి పదం రెండు భాషల్లోనూ మిగిలిన చోట మాత్రమే ‘దాన్నియా, దానియా’ అన్న ప్రశ్న నమ్మదగిన సమాధానం ఇస్తుంది. ఆ పరిధిలోనైనా అది నేటి పట్టికల కంటే ఎక్కువే చెబుతుంది.

పాణిని వేసిన గీత

తెలుగు శాఖలో ఉపసర్గలు చెప్పని ఏడాది ఉండదు. హృ ధాతువుకు ఆ, వి, సం, ప్ర చేరితే ఆహారం, విహారం, సంహారం, ప్రహారం అయ్యే ముచ్చట బి.ఏ. విద్యార్థికి కూడా తెలుసు. ‘గివ్ ఇన్’ లొంగిపోవడం, ‘గివ్ అప్’ వదులుకోవడం, ‘గివ్ అవే’ ఇచ్చేయడం లేదా గుట్టు బయటపెట్టడం. రెండు వరుసలకూ పోలిక ఇంత స్పష్టంగా ఉన్నా, ఉదయం మొదటి వరుసను ఉపసర్గ అని చెప్పిన విద్యార్థి మధ్యాహ్నం రెండో వరుసను విభక్తి అని నేర్చుకొని వస్తున్నాడు.

పాణినీయంలో దీనికి నేరుగా పనికివచ్చే ఏర్పాటు ఉంది. అష్టాధ్యాయి 1.4.58లో సూచితమైన ప్రాదులకు, సంప్రదాయం లెక్కలో 22, స్వతస్సిద్ధంగా ఉపసర్గ అన్న పేరు లేదు. క్రియతో యోగం ఉన్నప్పుడే ఆ పేరు వస్తుందని 1.4.59 చెబుతుంది. అను, ఉప, అభి, ప్రతి వంటి అవే శబ్దాలు ఒక నామంతో సంబంధాన్ని తెలిపినప్పుడు 1.4.83 అధికారంలో కర్మప్రవచనీయాలవుతాయి. వాటితో కలిసిన నామానికి ద్వితీయ రావాలని 2.3.8 విధిస్తుంది. శబ్దం ఒకటే అయినా సంబంధాన్ని బట్టి పేరు మారుతుంది. కొండ ఎక్కిన ‘అప్’కూ బాకీ పెంచిన ‘అప్’కూ మధ్య ఉన్నది సరిగ్గా ఈ భేదమే. నామాన్ని పట్టుకున్నది కర్మప్రవచనీయం, క్రియను పట్టుకున్నది ఉపసర్గ.

ఉపసర్గ ధాతువుకు ముందు అతుక్కుని ఉంటుంది, ఇంగ్లీషులో వెనక విడిగా ఉంటుంది కదా అన్న అభ్యంతరం రావచ్చు. లౌకిక సంస్కృతం వరకే చూస్తే ఆ అభ్యంతరం నిలుస్తుంది. ధాతువుకు ముందు రావాలన్న 1.4.80 వెంటనే, ఛందస్సులో తరువాత కూడా రావచ్చని 1.4.81, మధ్యలో వేరే పదాల వ్యవధానం ఉండవచ్చని 1.4.82 చెబుతున్నాయి. వేదభాషలో ఉపసర్గ విడిగా తిరిగేది. ఇంగ్లీషు చరిత్ర దీనికి ఎదురు దిశలో నడిచింది. పాత ఇంగ్లీషులో క్రియకు ముందు అతికి ఉండే పూర్వపదాలు చాలా ఉండేవి. అవి క్రమంగా క్షీణించగా, వెనక విడిగా నిలిచే పదాలు ఆ పని అందుకున్నాయి. పాత పద్ధతి శేషాలు ‘అండర్‌స్టాండ్’, ‘విత్‌స్టాండ్’, ‘ఓవర్‌కమ్’లలో నేటికీ ఉన్నాయి. ‘అప్‌సెట్’ అంటే తలకిందులు చేయడం, ‘సెట్ అప్’ అంటే నిలబెట్టడం. ఒకే జంట పదాలు, అతుకును బట్టి ఎదురెదురు అర్థాలు. జర్మన్ భాషలో నేటికీ కొన్ని ఉపసర్గలు వాక్యాన్ని బట్టి క్రియ నుంచి విడిపోయి చివరికి చేరతాయి.

పాణిని ఇంగ్లీషు వ్యాకరణం రాశాడని ఇక్కడ ఎవరూ అనడం లేదు. అన్నీ మనవాళ్ళు ముందే చెప్పారు అనే ధోరణి తెలుగు పరిశోధనకు చేసిన మేలు తక్కువ. చెప్పేదల్లా ఇంత. రెండు పారిభాషిక పదాలు మన దగ్గర ఉన్నాయి, వాటి మధ్య గీత స్పష్టంగా ఉంది, వాటిని వదిలేసి మూడో పదమైన ‘విభక్తి’ని రెంటికీ అంటగట్టాము.

ఎదురుపక్షం

ఈ వాదానికి గట్టి ఎదురుదెబ్బ ఇంగ్లీషు వ్యాకరణ శాస్త్రం వైపు నుంచే రాగలదు. రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ 2002లో వెలువరించిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పదాన్నే పక్కన పెడుతుంది. క్రియల్లో సకర్మకాలు, అకర్మకాలు ఉన్నట్లే ప్రిపోజిషన్లలోనూ ఉంటాయని, ‘స్విచ్ ఇట్ ఆఫ్’లోని ‘ఆఫ్’ తనకు కర్మ లేని ప్రిపోజిషన్ అని వారి వివరణ. అలాగైతే ‘ఆఫ్’, ‘ఎట్’ రెండూ ఒకే వర్గమే కదా, చేతిపుస్తకాలు చేసిన తప్పేమిటి అని అడగవచ్చు.

ఆ వివరణను పూర్తిగా అంగీకరించినా తెలుగు సమీకరణం నిలబడదు సరికదా, ఇంకా బలహీనపడుతుంది. ని, కి, తో వంటి ప్రత్యయాలు ఒంటరిగా నిలవవు. ‘కి వెళ్ళాడు’ అన్న వాక్యం లేదు. ఆధారం ఉన్నా లేకున్నా నిలిచే పదాలు తెలుగులో వేరే ఉన్నాయి. ‘బయటికి వెళ్ళాడు’, ‘ఊరి బయటికి వెళ్ళాడు’. ‘పైకి ఎక్కాడు’, ‘మేడ పైకి ఎక్కాడు’. లోపలికి, కిందికి, వెనక్కి, పక్కన, ముందు ఈ జాతివే. హడిల్‌స్టన్, పుల్లమ్ చెప్పిన అకర్మక ప్రిపోజిషన్‌కు తెలుగు సాదృశ్యం కావాలంటే దొరికేది ఈ స్థలవాచి వర్గంలోనే. అంటే పాణిని వైపు నుంచి వచ్చినా, కేంబ్రిడ్జ్ వైపు నుంచి వచ్చినా చేరే చోటు ఒకటే. విభక్తి అన్న పేరును రెండు దారులూ సమర్థించవు.

వేయు, కొను

జాతీయాల పట్టిక మీద మరికొంత నిలవవలసి ఉంది. ఇంగ్లీషు క్రియలు ఇలాంటి చిన్న పదాలతో కలిసి అర్థం మార్చుకోవడం విదేశీయులకు అన్నింటికన్నా కష్టమైన సంగతి అని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు, వాటిని శ్రద్ధగా నమోదు చేశానని చెప్పుకున్నాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ ప్రచారంలోకి తెచ్చాడు. తరువాత ఈ విషయంపై విస్తారమైన పరిశోధన వచ్చింది, డ్వైట్ బోలింజర్ 1971లో ఒక గ్రంథమే రాశాడు. ఈ శ్రమ అంతా జరిగాక కూడా తెలుగువారికి ‘కంఠస్థం చేయండి’ అన్న సలహా ఒక్కటే అందడం విచిత్రం.

ఉపసర్గకు స్వతంత్రార్థం లేదని శాకటాయనుడు, ఉందని గార్గ్యుడు వాదించినట్లు యాస్కుడు నిరుక్తంలో నమోదు చేశాడు. కంఠస్థ పక్షం తెలియకుండానే శాకటాయనుని కన్నా ముందుకు పోయింది, సమాసం మొత్తాన్నే విడదీయరాని ముద్దగా చూస్తోంది. గార్గ్యుని కళ్ళతో చూస్తే ‘ఈట్ అప్’, ‘బర్న్ అప్’, ‘యూజ్ అప్’, ‘టేర్ అప్’ వరుసలో ‘అప్’ చేసే పని ఒకటేనని తెలుస్తుంది. పని కడదాకా జరిగిందని అది చెబుతోంది. తెలుగులో ఇదే పని చేసేదేమిటి? తినివేయు, కాల్చివేయు, వాడివేయు, చింపివేయు. ‘త్రో అవే’ పారవేయు. ‘షట్ డౌన్’ మూసివేయు. న్యాయస్థానం చట్టాన్ని ‘స్ట్రైక్ డౌన్’ చేస్తే మన పత్రికలు ఏ నిఘంటువూ చూడకుండా ‘కొట్టివేసింది’ అని రాశాయి. ‘సిట్ డౌన్’, ‘లై డౌన్’, ‘వేక్ అప్’ అన్న శరీర స్థితి మార్పులకు ఎదురుగా కూర్చొను, పడుకొను, మేలుకొను నిలుస్తాయి. క్రియార్థాన్ని పూరించే బాధ్యతను ఇంగ్లీషు దిక్కులు చెప్పే చిన్న పదాలకు అప్పగించింది, తెలుగు వేయు, కొను, పోవు, పెట్టు వంటి అనుప్రయుక్త క్రియలకు అప్పగించింది. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం చదివినవారికి ఈ క్రియల స్వభావం పరిచితమే. ఆ వర్ణనను ఇంగ్లీషు పక్కన పెట్టి చూడడమే మిగిలిన పని.

ఈ పోలికకు హద్దు ఉంది. హద్దు ఎక్కడుందో అక్కడే సర్వనామం మళ్ళీ ముందుకు వస్తుంది. ‘టేర్ ఇట్ అప్’లో ‘ఇట్’ మధ్యలోకి రాక తప్పదు. ‘చింపి దాన్ని వేశాడు’ అంటే తెలుగులో సంయుక్త క్రియ విరిగిపోతుంది. చింపడం ఒక పని, వేయడం ఇంకొక పని అవుతుంది. తెలుగు సంయుక్త క్రియ తన మధ్యకు కర్మను రానీయదు. ఇంగ్లీషు ఎందుకు రానిస్తుంది? వాక్యం చివరి చోటు కొత్త సమాచారానిది. సర్వనామం అప్పటికే తెలిసిన వస్తువును సూచిస్తుంది, ఊనిక లేనిది, తేలికైనది. అది చివర నిలవలేక క్రియను ఆనుకుంటుంది, బలమైన ‘అప్’ చివర నిలుస్తుంది. నామమైతే రెండు చోట్లా ఉండగలదు. అది దీర్ఘమైన పదబంధమైతే చివరికే మొగ్గుతుంది. తెలుగులో తెలిసిన వస్తువును చెప్పకుండానే వదిలేసే వెసులుబాటు ఉంది. ‘లైటు వెలుగుతోంది, ఆపెయ్’ అంటాము, ‘దాన్ని’ అక్కరలేదు. ఇంగ్లీషులో అలా వదలడానికి వీల్లేదు. చెప్పక తప్పని, బరువు లేని మాటను ఎక్కడ పెట్టాలన్న చిక్కు ఆ భాషది. ఈ చిక్కును విద్యార్థికి ముందు చూపించి, తరువాత దాని పరిష్కారం చూపిస్తే అది నియమంలా కాక అవసరంలా అర్థమవుతుంది. సర్వనామం మీద కావాలని ఊనిక పెట్టినప్పుడు, ఆమెను కాదు అతణ్ణి అని తేడా చూపేటప్పుడు, ‘పిక్ అప్ హిమ్’ అన్న క్రమం కూడా ఇంగ్లీషువారి నోట వినబడడం ఈ వివరణను బలపరుస్తుంది. అప్పుడు సర్వనామం తేలిక కాదు. ‘మధ్యలో పెట్టాలి’ అన్న ఒంటి నియమం ఈ ప్రయోగం ముందు మూగబోతుంది.

ఎవరి పని

ఇదంతా ఇంగ్లీషు శాఖ చూసుకోవలసిన వ్యవహారమని తెలుగు శాఖల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఇంగ్లీషు శాఖకు ‘దాన్ని’, ‘దాని’ భేదం పాఠ్యాంశం కాదు, ఔపవిభక్తికం వారి మాట కాదు. తెలుగు శాఖకు ‘స్విచ్ ఇట్ ఆఫ్’ పాఠ్యాంశం కాదు. సమస్య సరిగ్గా రెండు గదుల మధ్య గోడలో ఉంది. సి.పి. బ్రౌను తెలుగు వ్యాకరణం 1840లో వచ్చింది, ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. తెలుగును ఇంగ్లీషువారికి వివరించడానికి ఒక ఉద్యోగి అంత శ్రమపడ్డాడు. ఇంగ్లీషును తెలుగు వ్యాకరణ దృష్టితో తెలుగువారికి వివరించే బాధ్యతను మనం చేతిపుస్తకాల అంగడికి వదిలేశాము. అనువాద అధ్యయనాల్లో పరిశోధన పత్రాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో సంస్కృతి, అధికారం, అస్తిత్వం గురించి చర్చ పుష్కలం. క్రియ పక్కన నిలిచిన ‘అప్’ను ఏం చేయాలన్న చర్చ అరుదు. ‘ముందుకు తీసుకువెళ్ళడం’ వంటి అనువాదపు తెలుగును చూసి చిరాకుపడేవారు, ‘టేక్ ఫార్వర్డ్’లోని ‘ఫార్వర్డ్’కు మాటకు మాట పెట్టిన చోటే అది పుట్టిందని గమనించాలి. ‘స్ట్రైక్ డౌన్’కు ‘కిందికి కొట్టు’ అనకుండా ‘కొట్టివేయు’ అన్న పాత్రికేయుడు ఆ పొరపాటు చేయలేదు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో ‘అప్’, ‘ఆఫ్’, ‘అవుట్’ వంటి పదాలకు రెండేసి ఆరోపాలు ఉండాలి. నామంతో చేరినప్పటి అర్థాలు ఒకచోట, క్రియతో చేరినప్పటి అర్థాలు వేరొకచోట ఇచ్చి, రెండో దానికింద స్థలవాచులను, వేయు, కొను వంటి అనుప్రయుక్తాలను చూపాలి. సకర్మక ప్రయోగాల పక్కన సర్వనామంతో ఒక ఉదాహరణ తప్పనిసరి చేయాలి. పారిభాషిక పదాల విషయంలో ఉపసర్గ, కర్మప్రవచనీయం బరువనిపిస్తే క్రియాయోగి, నామయోగి అనవచ్చు. పేరు ఏదైనా పరవాలేదు, ఒకే పేరు మాత్రం కూడదు.

ఈ ఆరోపాలు సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించడానికి ఒక వాక్యం చాలు. ‘హి టుక్ ఇట్ అవుట్ ఆన్ హర్’. రెండు సర్వనామాలు, రెండు చిన్న పదాలు. ‘ఇట్’ తన ‘అవుట్’కు ముందుంది, ‘హర్’ తన ‘ఆన్’కు వెనకుంది. విభక్తి పక్షం దీన్ని వివరించలేదు, కంఠస్థ పక్షం దీన్ని మరో జాతీయమని పట్టికలో చేర్చి ఊరుకుంటుంది. తెలుగులో అది ‘ఆ కోపాన్ని ఆమె మీద తీర్చుకున్నాడు’. ‘ఆన్’కు ఎదురుగా ‘మీద’ ఉంది, ‘ఆమె’ దానికి ఆధారం. ‘టుక్ అవుట్’కు ఎదురుగా ‘తీర్చు’, దాని వెనక ‘కొను’. ‘ఇట్’కు ఎదురుగా ద్వితీయలో ఉన్న కర్మ.